చెరకు మనది, గానుగ ఎవరిది? (చందూరు ముచ్చట్లు – 14)



మొన్న డిగ్రీ సెకండియర్ క్లాసులో ఒక తమ్ముడు లేచి అడిగిండు. "సార్, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ పెట్టింది ఒక రెడ్డి. నడిపింది ఒక బ్రాహ్మణామె. వాళ్లు అచ్చేసిన పుస్తకాలు పట్టుకొని మీరు మాకు దళిత సాహిత్యం చెప్తరు. గిదెట్ల?" క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గంట కొట్టేలోపు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

అడగాల్సిన ప్రశ్నే అది. చెరకు బెల్టులో పుట్టినవాళ్లకు అది ఇంకా బాగా అర్థం కావాలి. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 1937లో మొదలైంది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ అని కాగితం అంటించి గేటు మూశారు. భూమి అట్లనే ఉంది, నరికే చేతులు మన వాడల్లో అట్లనే ఉన్నాయి. ఆడించే చోటే లేకుండా పోయింది. నరికిన చెరకు గట్టు మీద ఉన్నకొద్దీ ఎండి తూకం తగ్గుతుంది. రాత కూడా అంతే. అచ్చుకాని నోట్‌బుక్కు సందుగలో ఎండిపోతుంది. కాబట్టి గానుగ ఎవరి చేతిలో ఉందని అడగడం తప్పేమీ కాదు.

ఇక ఆ సంస్థ సంగతి. 1980లో కమ్యూనిస్టు ఉద్యమం నుంచి వచ్చిన సి.కె. నారాయణరెడ్డి దాన్ని మొదలుపెట్టారు. విప్లవ విద్యార్థి రాజకీయాల నుంచి వచ్చిన గీతా రామస్వామి మొదటి నుంచీ అందులో ఉన్నారు. ఆమె 1980లలో ఇబ్రహీంపట్నంలో వెట్టికి వ్యతిరేకంగా, భూమి కోసం వ్యవసాయ కూలీలతో కలిసి పనిచేశారు. 2022లో ఇంగ్లీషులో వచ్చిన ఆమె ఆత్మకథ పేరులోనే భూమి, తుపాకులు, కులం, స్త్రీ ఉన్నాయి. తన కులాన్ని దాచుకున్న మనిషి కాదు. అయినా మనిషి మంచిదా కాదా అన్నది మన చర్చ కాదు. పుస్తకం ఏం చేసిందో చూద్దాం.

ట్రస్టు తొలినాళ్లలోనే వచ్చిన 'ఏడు తరాలు' నేను వెల్ఫేర్ హాస్టల్లో చదివాను. అలెక్స్ హేలీ 'రూట్స్'ను సహవాసి కుదించి తెలుగు చేశారు. పీహెచ్‌డీ చేసేటప్పుడు కుదించిన అనువాదాలను చిన్నచూపు చూడటం మాకు నేర్పారు, మూలానికి ద్రోహమట. ఆ లావు ఇంగ్లీషు పుస్తకం యథాతథంగా తెలుగులోకి వచ్చి ఉంటే, ఆ ధరకు, ఆ బరువుకు మా హాస్టల్ దాకా వచ్చేదా? కుంటా కింటేకు అతని పేరు తీసేసి వేరే పేరు తగిలించిన చోట నేను పుస్తకం మూసేశాను. మా తాతను అరవై ఏళ్ల వయసులో కూడా దొర ఇంటి చిన్నపిల్లలు పేరుకు చివర 'గా' తగిలించి పిలిచేవాళ్లు. అమెరికా మా వాడకు అంత దగ్గరని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. కుదించినవాళ్లకు నా దండం.

అదే వరసలో 'వైద్యుడు లేని చోట' వచ్చింది. దాన్ని సాహిత్యం అనరు. ఆస్పత్రి లేని ఊళ్లో జ్వరం వచ్చిన బిడ్డ తల్లికి మాత్రం అంతకంటే పనికొచ్చే పుస్తకం ఏముంటుంది? బొజ్జా తారకం గారి 'పోలీసులు అరెస్టు చేస్తే' కూడా అట్లాంటిదే. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, వకీలును కలవనివ్వాలి. ఇవి మన హక్కులని కూలివాడికి తెలుగులో చెప్పిన పుస్తకం. ఆ తారకం గారు నిజామాబాద్‌లో వకీలు. ఇక్కడే అంబేడ్కర్ యువజన సంఘం కట్టారు. ఎమర్జెన్సీలో జైలుకు పోయారు. అంటే ఆ పుస్తకంలో మన జిల్లా కోర్టు మెట్లు ఉన్నాయి. విజయభారతి గారు తెలుగులో రాసిన అంబేడ్కర్ జీవిత చరిత్రనూ ట్రస్టే వేసింది.

తమ్ముడి ప్రశ్నకు అసలు జవాబు 'నల్లపొద్దు'లో ఉంది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసినదాన్ని వెతికి ఒకచోటికి తెచ్చిన పుస్తకం అది. తాడి నాగమ్మ నుంచి చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర దాకా అందులో ఉన్నారు. నేను ఎమ్మేలో చదివిన సాహిత్య చరిత్రల్లో నాగమ్మ పేరు ఒక్కచోట కూడా లేదు. ఆ వెతుకులాట చేసింది, ఏది ఉండాలో తేల్చింది గోగు శ్యామలక్క. మన పాత నిజామాబాద్ జిల్లా నుంచి శాసనసభకు వెళ్లి, డిప్యూటీ స్పీకర్, దేవాదాయ మంత్రి అయిన టి.ఎన్. సదాలక్ష్మి బతుకును 'నేనే బలాన్ని'గా రాసింది కూడా శ్యామలక్కే. గానుగ వాళ్లదే కావచ్చు. ఏ చెరకు ఆడించాలో చెప్పే కుర్చీలో మాత్రం ఒక మాదిగ ఆడబిడ్డ కూర్చుంది. పెద్ద ప్రచురణకర్తలు మన కవిత్వానికి గిరాకీ వచ్చినప్పుడు ఒకటో రెండో వేసుకుంటారు. ఆ కుర్చీ మాత్రం ఇవ్వరు. నేను చూసే తేడా అదే.

అట్లని నేను పూర్తిగా ఒప్పుకోను కూడా. ఆ కుర్చీ ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం ఇంకా ఇచ్చేవాళ్ల చేతిలోనే ఉంది. అద్దె ఇంటి ఓనరు ఎంత మంచోడైనా, ఆ ఇంటి గోడకు మేకు కొట్టాలంటే అడగాల్సిందే. మన పెద్దలకు ఇది తెలుసు. భాగ్యరెడ్డి వర్మ 1931లోనే హైదరాబాద్‌లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టారు. కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపారు. ఈ రోజు మనవాళ్లలో ఎక్కువమంది కవులు చిట్టీ ఎత్తి ఐదువందల కాపీలు వేయించుకుంటారు. ఆవిష్కరణ సభలో యాభై ఉచితంగా పోతాయి, మిగతా కట్టలు మంచం కిందికి చేరతాయి. రాసేవాళ్లకు కొదవ లేదు. ఎడిట్ చేసేవాళ్లు, జిల్లాల్లో అమ్మేవాళ్లు, అయిపోయినప్పుడు మళ్లీ వేసేవాళ్లు తక్కువ. ఇవి చప్పట్లు పడని పనులు. ట్రస్టు నలభై ఏళ్లకు పైగా చేసింది ఎక్కువగా ఈ చప్పట్లు లేని పనే. మనం దాని మీద కోపం పెంచుకోవడానికి బదులు ఆ పని నేర్చుకుంటే బాగుంటుంది.

ఒక మాట ఉద్యమ మిత్రులకు కూడా. ఏప్రిల్ 14న ఫ్లెక్సీకి, డీజేకు పెట్టే డబ్బులో పదోవంతు పుస్తకాలకు పెడితే ప్రతి మండలంలో ఒక అల్మారా నిండుతుంది. నేను డీజేకు వ్యతిరేకిని కాను, నేనూ ఎగురుతాను. అల్మారా కూడా ఉండాలి అంటున్నా, అంతే.

క్లాసులో అడిగిన తమ్ముడు ఆ రోజే 'నేనే బలాన్ని' తీసుకుపోయిండు. మూడు వారాలైంది. తిరిగి ఇవ్వమంటే తల గోక్కున్నడు. రోజూ రాత్రి వాళ్లమ్మకు చదివి వినిపిస్తున్నడట, ఇంకా సగమే అయిందట. ఇంకో కాపీ కొనాలి.