బుధవారం మధ్యాహ్నం మూడింటికి అందరూ ఆహ్వానితులే!

మా ఆఫీసు దగ్గర్లోని యూనివర్సిటీలో సెర్చ్ ఇంజన్ల వెనకున్న లీనియర్ ఆల్జీబ్రా మీద లెక్చరుంది, ఫ్రీ, ఎవరైనా రావచ్చు అని ఓ మిత్రుడు చెప్తే ఎగిరి గంతేశాను. తీరా చూస్తే బుధవారం మధ్యాహ్నం మూడింటికి! అందరూ అంటే ఎవరండీ? ఉద్యోగం లేనివాళ్ళా?

లీవు పెట్టి వెళ్ళా. (మేనేజరుకి జ్వరం అని చెప్పాను, అది వేరే కథ.) ముందు వరసలో ప్రొఫెసర్లు, వెనక అటెండెన్స్ కోసం తోలుకొచ్చిన పిల్లలు. బయటివాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన మాత్రం అద్భుతంగా చెప్పాడు. బీటెక్‌లో ఐగెన్ వాల్యూలు లెక్కకట్టడమే గానీ, అవెందుకో నాకు ఆ రోజే తెలిసింది.

వేళ మార్చడం కుదరదంటారా? ముంబైలో టీఐఎఫ్ఆర్ వాళ్ళు 2009లో మొదలెట్టిన 'చాయ్ అండ్ వై' ఆదివారాలే. లండన్‌లో గ్రెషాం కాలేజీ 1597 నుంచి ఉచితంగా ఉపన్యాసాలు పెడుతోంది, ఇప్పుడు చాలావరకు సాయంత్రాలే.

మనవాళ్ళూ తక్కువేం తినలేదు. టీంలో చెబితే మొదటి ప్రశ్న "సర్టిఫికెట్ ఇస్తారా?" అని. క్లౌడ్ సర్టిఫికేషన్‌కి వేలు తగలేసి డంపులు బట్టీపట్టేదీ వీళ్ళే. అయినా సరే, ఒక్క ఆదివారం పెట్టి చూడండి సార్. నలుగురైనా రాకపోతే అప్పుడు తిట్టండి మమ్మల్ని.