వెల చెల్లించియు కౌలుదారుఁడేనా?

సంపూర్ణముగ వెల చెల్లించినవాఁడు స్వంతదారుఁడా, కౌలుదారుఁడా? కంప్యూటరు సాఫ్ట్‌వేరు విషయమున నీ సందేహము నేఁటికిని తీరలేదు. 2001లో మైక్రోసాఫ్టు కంపెనీ విండోస్ ఎక్స్‌పీని వెలువరించుచు, ప్రాసెసరు, హార్డుడిస్కు, నెట్‌వర్కు కార్డు మున్నగు భాగముల గుర్తులతో నొక సంఖ్య కూర్చి, లైసెన్సును దానికి ముడివేసెను. భాగములు పెక్కు మారినచో మరల కంపెనీ యనుమతి పొందవలసినదే. క్రొత్త యంత్రముతోఁ గలిసివచ్చిన లైసెన్సును వేఱొకదానికి మార్చరాదని మఱియొక నిబంధన. ఎడ్లు మారినంతనే రైతు పట్టా రద్దగునా?

దొంగప్రతుల నరికట్టుట న్యాయమే, కాదనము. కాని దొంగ తాళము విఱిచిన ప్రతినే వాడుకొనును. చిక్కులన్నియు వెల యిచ్చినవానికే!

ఇంకొక వింత గలదు. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థకును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును జరిగిన వ్యాజ్యమున, డిస్కులలో నమ్ము సాఫ్ట్‌వేరు సరకే యనియు, అమ్మకపు పన్నునకు లోఁబడుననియు సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పెను. పన్ను గైకొనునపుడు సరకైనది, కొన్నవాఁడు యంత్రము మార్చుకొనునపుడు వట్టి యనుమతి యెట్లగును? యంత్రము చెడినపుడు లైసెన్సును వేఱొకదానికి మార్చుకొను హక్కును పార్లమెంటు శాసనముమూలమున నొసఁగవలెను.