ఓడ ముందు ఎక్కితే ఏమొస్తుంది?

పిల్లలకు బడి సెలవులు దగ్గరపడుతున్నాయంటే మన ఆఫీసుల్లో మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర క్రూజు కబుర్లు మొదలవుతాయి. ఈ మధ్య మనవాళ్ళు చాలామంది మమ్మల్ని ఒకే మాట అడుగుతున్నారు. "టికెట్టు కొనేశాం. ఇప్పుడు ఓడలోకి ముందుగా పంపడానికి విడిగా ఇంకొంత కట్టమని అడుగుతున్నారు. కట్టమంటారా, వద్దంటారా?"

మేము ఇంటర్మీడియట్ దాకా చదివి ఈ దేశం వచ్చిన గుమాస్తాలం. ఒకరం డాక్టరుగారి దగ్గర బిల్లులు కొడతాం, ఒకరం గోడౌనులో ఇన్వాయిసులు చూస్తాం, ఒకరం జీతాల లెక్క రాస్తాం. ఓడల గురించి మాకు పెద్ద పాండిత్యం లేదు. కానీ పెట్టిన డాలరుకు ఏమొచ్చిందో చూడటం మా రోజువారీ పని. ఈ వారం ఆ పనే చేద్దాం.

డబ్బు కట్టి ముందుకెళ్ళడం మనకేమీ కొత్త కాదు. తిరుమలలో సర్వదర్శనం ఉంది, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉంది. ఎటునుంచి వెళ్ళినా లోపల ఉన్న స్వామి ఒక్కడే. తేడా అంతా క్యూలో నిలబడే గంటల్లోనే. సెలవు దొరక్క రెండు రోజుల్లో వచ్చిపోయేవాడికి ఆ 300 ఎంతో విలువైనవి. ఓడ సంగతి కూడా ఇలాంటిదే అనిపిస్తుంది గానీ, ఒక పెద్ద తేడా ఉంది. ఓడ అందరూ ఎక్కేదాకా కదలదు. ముందు ఎక్కినవాడూ, చివర ఎక్కినవాడూ సాయంత్రం ఒకే వేళకు బయలుదేరతారు. పైగా పండగల్లో మనూరి రైలు జనరల్ బోగీలో లాగా తువ్వాలు వేసి సీటు పట్టుకోవలసిన అవసరం లేదు. మీ గది నంబరు మీ టికెట్టు మీదే ఉంటుంది.

మరి ఆ డబ్బుకు వాళ్ళు ఇచ్చేదేమిటి? కార్నివాల్ కంపెనీ దీన్ని ఫాస్టర్ టు ది ఫన్ అనే పేరుతో అమ్ముతుంది. ఇది గదికి లెక్క. ఒక గదిలో ఇద్దరున్నా నలుగురున్నా ఒకటే ధర. ఓడను బట్టి, రోజులను బట్టి ధర మారుతుంది, పరిమితంగానే అమ్ముతారు. రేవులో విడి క్యూ, ఎక్కగానే గదిలోకి వెళ్ళే వీలు, పెట్టెలు కాస్త త్వరగా రావడం, ఓడలో కస్టమర్ కౌంటరు దగ్గర విడి వరుస, దిగేరోజు త్వరగా దిగే అవకాశం ఇందులో ఉంటాయి. రాయల్ కరీబియన్ వాళ్ళది ది కీ. ఇది తలకు ఇంత, రోజుకు ఇంత అని లెక్క. గదిలో ఆరేళ్ళు, ఆ పైబడినవాళ్ళందరికీ కొనాలి. కాకపోతే ఇందులో ఇంటర్నెట్టు, మొదటిరోజు విడిగా భోజనం కలిసి ఉంటాయి.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. అంకెలు మేము ఉదాహరణకు అనుకున్నవి, మీ ఓడ ధర మీరు వేసుకోండి. గదికి 80 డాలర్లు అనుకుంటే, నలుగురున్న కుటుంబానికి తలకు 20 డాలర్లు పడింది. అదే తలకు రోజుకు 30 డాలర్లు అయితే, నలుగురికి 5 రోజులకు 600 డాలర్లు. చూడటానికి 30 అంకె 80 కన్నా చిన్నది. అక్కడే మనవాళ్ళు పొరపాటు పడతారు. గదికా, తలకా, రోజుకా అన్నది చదవకుండా బటన్ నొక్కవద్దు. ఇంటర్నెట్టు ఎలాగూ కొనేవాళ్ళయితే దాని ధర అందులోంచి తీసేసి, మిగిలినదే ముందు వరుసకు కడుతున్న ధర అనుకోండి.

మా అనుభవం కూడా చెబుతాం. కిందటి ఏడు మేము మూడు కుటుంబాలు కలిసి డల్లాస్ నుంచి గాల్వెస్టన్ వెళ్ళాం. ఐ-45 రోడ్డు డల్లాస్‌లో మొదలై గాల్వెస్టన్‌లోనే ఆగిపోతుంది, దారి తప్పే భయం లేదు. దాదాపు 290 మైళ్ళు. ముందురోజు రాత్రే హ్యూస్టన్‌లో చుట్టాలింట్లో పడుకొని, పొద్దున్నే పులిహోర తిని బయలుదేరాం. మూడింట్లో ఒక కుటుంబం ముందు వరుసకు డబ్బు కట్టింది. మిగతా రెండు కుటుంబాలూ కట్టలేదు, కానీ ఇంటర్నెట్టులో చెక్-ఇన్ తెరిచిన రోజే కూర్చొని అందరికన్నా ముందు టైము పట్టుకున్నాయి. ఈ టైము పట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ఏమైంది? సెక్యూరిటీ తనిఖీ అందరికీ ఒకటే. పెట్టెను యంత్రంలో పెట్టాల్సిందే, మనిషి దాని గుండా నడవాల్సిందే. ఆ తర్వాత డబ్బు కట్టినవాళ్ళు ఒక పక్కకు, మేము ఇంకో పక్కకు వెళ్ళాం. వాళ్ళు మాకన్నా నలభై నిమిషాలు ముందు ఎక్కారు. మేము ఎక్కేసరికి వాళ్ళు పైన ప్లేట్లు పట్టుకొని కనిపించారు. అందరం అదే అన్నం, అదే పప్పు లేని కూర తిన్నాం.

కానీ ఒక్క సంగతి ఒప్పుకోవాలి. వాళ్ళతో ఊరినుంచి వచ్చిన అత్తయ్యగారున్నారు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. వాళ్ళ గది అప్పటికే తెరిచి ఉండటంతో ఆవిడ పన్నెండు గంటలకల్లా నడుం వాల్చారు. మా గదులు తెరిచేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది. అప్పటిదాకా చేతిసంచులు మోసుకుంటూ, నిద్రకు ఏడుస్తున్న చంటివాణ్ణి ఎత్తుకొని డెక్కు మీద తిరిగాం. ఆ రోజు వాళ్ళు కట్టిన డబ్బు దండగ అని మాలో ఎవరమూ అనలేదు.

కాబట్టి మా లెక్క ఇది. పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉండి, గదికి ఒకటే ధర అయి, మనుషులు ఎక్కువగా ఉంటే ఆలోచించవచ్చు. దిగినరోజే విమానం పట్టుకోవలసినవాళ్ళకు త్వరగా దిగే వీలు పనికొస్తుంది. ఇద్దరే ఉండి, వయసులో ఉండి, పొద్దున్నే టైము దొరికితే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి. నడవలేని పెద్దలకు రేవులో చక్రాల కుర్చీ సాయం అడిగితే ఇస్తారు, దానికి ముందుగా కంపెనీకి చెప్పాలి. అందుకోసం ముందు వరుస కొనక్కర్లేదు.

ఇంకో మాట. చిన్న పడవల్లో ఒడ్డుకు తీసుకెళ్ళే ఊళ్ళలో ముందుగా దిగవచ్చని కూడా చెబుతారు. గ్రాండ్ కేమన్, బెలీజ్ లాంటి చోట్ల ఓడ దూరంగా ఆగుతుంది కాబట్టి అది నిజంగా ఉపయోగమే. గాల్వెస్టన్ నుంచి నాలుగైదు రోజులకు వెళ్ళే ఓడలు ఎక్కువగా కోజుమెల్, ప్రోగ్రెసో వెళతాయి. అక్కడ ఓడ రేవుకే ఆనుకుంటుంది, అందరూ నడిచి దిగుతారు. అంటే మీరు వాడని వస్తువుకు కూడా ధర కడుతున్నారన్నమాట. చలికాలంలో గాల్వెస్టన్‌లో పొగమంచు పట్టిందంటే ఓడే రేవులోకి రాదు. అప్పుడు ముందు వరుసవాళ్ళూ వెనక వరుసవాళ్ళూ కలిసి ఎదురుచూడాల్సిందే.

ఇంతవరకూ డాలర్ల లెక్క. ఇక మనలాంటివాళ్ళకు అసలైన వరుస ఒకటుంది. అది కాగితాల వరుస. దాన్ని ఏ కంపెనీ అమ్మదు.

మాతో జీతాల సెక్షన్‌లో పనిచేసే ఒక చెల్లెలు ఉంది. భర్తది హెచ్-1బీ, ఆమెది హెచ్-4, ఈఏడీ కార్డు మీద ఉద్యోగం. ఏడాదిపైన దాచుకొని ఫ్లోరిడా నుంచి బహామాస్ వెళ్ళే నాలుగు రోజుల ఓడకు టికెట్లు కొన్నారు. ఆరేళ్ళ పాప క్యూలో అలసిపోతుందని ముందు వరుసకు కూడా కట్టారు. రేవులో అందరినీ దాటుకొని కౌంటరు దగ్గరికి వెళ్ళారు. అక్కడి అమ్మాయి పాస్‌పోర్టులు తిరగేసి, లోపలికెళ్ళి పెద్దాయన్ని తీసుకొచ్చింది. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు అయిపోయి ఏడాది దాటింది. స్టేటస్ పొడిగించిన ఐ-797 కాగితం ఉంది, ఈఏడీ కార్డు ఉంది. అవి ఇక్కడ ఉండటానికి, పనిచేయడానికి సరిపోతాయి. దేశం దాటి తిరిగి రావడానికి సరిపోవు. పాప ఇక్కడ పుట్టింది కాబట్టి ఆమెకు బర్త్ సర్టిఫికెట్ చాలు, ఆమె ఎక్కవచ్చు. అమ్మానాన్న ఎక్కకూడదు!

ముగ్గురూ పక్కన బెంచీ మీద కూర్చున్నారట. ఈత కోసం కొన్న గాలి బొంగరం పాప వీపు సంచీకి కట్టి ఉంది. "నాన్నా, మనమే కదా ఫస్టు, వీళ్ళందరూ మనకంటే ముందు వెళ్ళిపోతున్నారేం?" అని అడిగిందట. టికెట్టు డబ్బులు తిరిగి రాలేదు. ఆ చెల్లెలు మాతో ఈ మాట చెప్పినప్పుడు డబ్బు గురించి ఒక్క మాట కూడా అనలేదు. పాప అడిగిన ఆ ప్రశ్నే రెండుసార్లు చెప్పింది.

చాలామంది అడుగుతారు, నాలుగు రోజులు ఊరికే సముద్రం మీద తిరిగి వచ్చేదానికి వీసా ఎందుకు అని. దీని వెనక 1886 నాటి చట్టం ఒకటుంది. పేరు ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్య మాత్రమే ప్రయాణికులను తిప్పకూడదు. ఈ పెద్ద క్రూజు ఓడలన్నీ దాదాపు విదేశాల్లో నమోదైనవే. అందుకే ఎంత చిన్న ట్రిప్పయినా మధ్యలో ఒక పరాయి దేశపు రేవులో ఆగుతారు. మీరు ఓడ దిగకుండా గదిలోనే పడుకున్నా, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ అమెరికాలోకి ప్రవేశించే మనిషి కిందే లెక్క.

మెక్సికోకు, కెనడాకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. దాన్ని ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అంటారు. వీసా ముద్ర గడువు అయిపోయినా, ఐ-94 గడువు ఉండి, స్టేటస్ చెడకుండా ఉండి, 30 రోజుల లోపల తిరిగి వచ్చి, అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు చేయకుండా ఉంటే రానిస్తారు. హెచ్ వీసావాళ్ళకు ఇది ఆ రెండు దేశాలకే. బహామాస్, జమైకా లాంటి దీవులకు వర్తించదు. చదువుకునే ఎఫ్, జె వీసావాళ్ళకు క్యూబా తప్ప దగ్గరి దీవులకు కూడా ఉంది. దీన్ని చూసి కొందరు, స్నేహితుడు వెళ్ళొచ్చాడు కదా అని తామూ బయలుదేరతారు. స్నేహితుడి వీసా వేరు, మీ వీసా వేరు. ఒకే ఓడ కోజుమెల్‌తో పాటు బెలీజ్‌లోనో హోండురాస్‌లోనో ఆగినా ఈ వెసులుబాటు పోతుంది. పైగా ఓడ ఆగే ప్రతి దేశానికీ మన భారత పాస్‌పోర్టు మీద దాని నిబంధన దానికుంటుంది. మెక్సికో సంగతి కూడా అంతే. కంపెనీని ఈమెయిల్ రాసి అడగండి, జవాబు అచ్చు తీసి దగ్గర ఉంచుకోండి.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కార్డు అసలుది, పాస్‌పోర్టు పట్టుకెళ్ళండి. జిరాక్సు కాగితం పనికిరాదు. గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగులో ఉన్నవాళ్ళు లాయరును అడగకుండా ఓడ ఎక్కవద్దు. సరైన అనుమతి లేకుండా దేశం దాటితే ఆ దరఖాస్తే రద్దయ్యే ప్రమాదం ఉంది. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే వాళ్ళ వీసా మీద ఎంట్రీస్ అన్నచోట చూడండి. ఎం అనే అక్షరం ఉంటే చాలాసార్లు రావచ్చని అర్థం. ఈ కాగితాలూ, పెద్దవాళ్ళ మందులూ కూలీకి ఇచ్చే పెట్టెలో పెట్టవద్దు. ఆ పెట్టె గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది.

ఇంకో సంగతి. ప్రయాణికుల జాబితా ఓడ కదలడానికి కనీసం 60 నిమిషాల ముందు ప్రభుత్వానికి పంపాలి. అందుకే తలుపులు చాలాముందే మూసేస్తారు. ముందు వరుస కొన్నాం కదా అని ఆలస్యంగా వెళ్తే ఆ కాగితం మిమ్మల్ని ఎక్కించదు. తిరిగి వచ్చినరోజు ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు ముందు కూడా ఆ కాగితానికి విలువ లేదు.

మేము చెప్పేది ఒక్కటే. టికెట్టు కొనడానికి ముందు ఒక రాత్రి ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ బల్ల మీద పరిచి, గడువు తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి. అది అయ్యాక ఓడ ఆగే ఊళ్ళ పేర్లు పక్కన రాయండి. ఆ రెండూ కుదిరాక, ఇంట్లో మోకాళ్ళ నొప్పుల అత్తయ్యగారో, చంకలో చంటివాడో ఉంటే, అప్పుడు ముందు వరుస ధర చూడండి. మా ఆఫీసు చెల్లెలు ఈ ఏడు హైదరాబాదు వెళ్ళి వీసా ముద్ర వేయించుకొని వచ్చింది. మళ్ళీ ఓడకు టికెట్లు కొన్నారు. ముందు వరుస మాత్రం కొనలేదట. "కాస్త వెనకైనా పరవాలేదక్కా, ఎక్కితే చాలు" అంది.

మీ అనుభవాలు కూడా మాకు రాసి పంపండి. నలుగురికీ పనికొస్తాయి.