వీరు తెలుగువారు కారా?

ప్రతి సంవత్సరము ఉగాదినాడు మన సంఘమువారు సభ జరుపుదురు. కృష్ణదేవరాయలను స్మరింతురు, నాయకరాజులను కీర్తింతురు, మన పిల్లలకు బడిలో తెలుగు చదువు కరవైనదని తీర్మానములు చేయుదురు. ఇవి యన్నియు చేయవలసిన పనులే. కాని ఆ సభకు పిలుపు అందని తెలుగు ఇండ్లు మన హోసూరు పొలిమేరలోనే కొన్ని కలవు. ఆ ఇండ్లవారు పందులను పెంచి బ్రదుకుచున్నారు. జనాభా లెక్కలనాడు మన సంఖ్య పెరుగుటకు వారు కావలెను. లెక్క ముగిసిన మరునాడు వారెవరో మనమెవరమో! వారి వృత్తిశిక్షణను గూర్చి మన సంఘము ఇంతవరకు ఒక్క విన్నపమైనను పంపలేదు. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చును. అయినను చెప్పక తప్పదు.

వీరు ఒక్క కులమువారు కారు. ఎరుకలవారు కలరు, ఒడ్డెవారు కలరు, దక్షిణమున మదురై ప్రాంతమున తెలుగు మాటలాడు కాట్టునాయకులు కలరు. ఎరుకలవారికి ఇంటిలో సొంత నుడి వేరుగ నున్నను, నలుగురిలో మాటలాడునది తెలుగే. 1871లో పుట్టిన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించి, వారి నెత్తిపై దొంగలను ముద్ర వేసినది. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయినది గాని, ముద్ర మాత్రము మన మనస్సులలో మిగిలియే యున్నది. ఊరి బయట నివాసము, ఊరివారు రోయు వృత్తి, ఈ రెండును వారు కోరి తెచ్చుకొన్నవి కావు.

ఇపుడు ఆ వృత్తికే ముప్పు వచ్చినది. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయినది. ఊరు పెరిగినది, పందులు తిరుగు బయలు తరిగినది. వీధులలో పందులు తిరుగరాదనుట న్యాయమే. మనుష్య మలమును తిను పంది మాంసమున బద్దెపురుగు తిత్తులు ఏర్పడును. సరిగా ఉడుకని ఆ మాంసమును తినినవాని కడుపున బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు మురికి చేతుల ద్వారమునను, మురికి నీటి ద్వారమునను మనుష్యుల కడుపులోనికి పోయి, తిత్తులు మెదడునకెక్కిన మూర్ఛలు వచ్చును. మెదడువాపు జ్వరపు క్రిమి పంది రక్తమున వృద్ధిపొంది, దోమకాటుతో మనుష్యులకు సోకును. మన దేశమున ఆ జ్వరపు రోగులను మొదట గుర్తించినది ఎక్కడనో కాదు. 1955లో మన పొరుగున నున్న వేలూరు ప్రాంతముననే. కావున పందిని కొట్టములో కట్టడి చేయుమను ఆజ్ఞను నేను ఆక్షేపింపను. ఆజ్ఞతో చేతులు దులిపికొనుటను మాత్రము ఆక్షేపింతును. బయట తిప్పి పెంచు నేర్పు వేరు, కొట్టమున పెంచు విద్య వేరు. మొదటిది వారికి తాతలనాటి నుండి వచ్చినది. రెండవది ఎవరైనను నేర్పినగాని రాదు.

దీనికి నేను కన్నులార చూచిన నిదర్శన మొకటి కలదు. గత వేసవిలో మా పేట చివరనుండు కొన్ని కుటుంబములవారితో నేను ఒక శిక్షణ శిబిరమునకు పోతిని. శిబిరము మూడు దినములు జరిగినది. ఉపన్యాసకుడు చదువుకొన్నవాడు, సహృదయుడు. తెరపై బొమ్మలు చూపుచు గ్రంథభాషయగు తమిళమున, నడుమ నడుమ ఇంగ్లీషు మాటలతో గంటలకొలది బోధించెను. రెండవనాడు మధ్యాహ్నము మాలోని ఒక పెద్దావిడ లేచి తెలుగున అడిగినది: “మన్నులో తిరిగేటప్పుడు పిల్లలు బాగుండె స్వామీ. కొట్టానికి సిమెంటు పోసినంక తెల్లగా పాలిపోయి చస్తా ఉండాయి. ఏమిటికి?” ఉపన్యాసకునకు ఆ ప్రశ్న తెలియలేదు. నేను తమిళమున చెప్పగా ఆయన తెల్లబోయి, “ఉదయమునుండి నేను చెప్పుచున్నది అదియే గదా!” అనెను.

నిజమే, ఆయన చెప్పినది అదియే. తల్లిపంది పాలలో ఇనుము చాలదు. మన్ను త్రవ్వుకొని తిను పందిపిల్లకు ఆ ఇనుము మన్నులోనే దొరకును. సిమెంటు నేలపై పుట్టిన పిల్లకు మన్ను లేదు, ఇనుము లేదు. రక్తము పలుచబడి పాలిపోవును. పుట్టిన మూడవనాడో నాలుగవనాడో ఇనుపసత్తువ సూది వేయించిన ఆ పిల్ల బ్రదుకును. ఇంతే విషయము. ఆమెకు జబ్బు తెలియును, ఆయనకు మందు తెలియును; ఇరువురి నడుమ మాట లేదు. రెండు దినములలో అందని విద్య ఆమెకు తన భాషలో రెండు నిమిషములలో అందినది. వెంటనే ఆమె, “అయితే కొట్టంలో ఇంత మన్ను తెచ్చి పోస్తే కాదా?” అని అడిగినది. శుభ్రమైన చోటి మన్ను కొంత ఉపకరించునని, కాని సూదియే నమ్మకమైనదని ఆయన సంతోషముతో బదులు చెప్పెను. శిక్షణ యనగా ఇది. మూడవనాడు యోగ్యతాపత్రములు పంచునపుడు మాత్రము, ఎనిమిదవ తరగతి చదివినట్లు కాగితము లేదని ఆమె పేరును ప్రక్కన పెట్టిరి. ఆ శిబిరమునందలి వారందరిలో మంచి ప్రశ్న అడిగినది ఆమెయే!

నేర్వవలసినది ఇదొక్కటియే కాదు. చూడిపంది 114 దినములకు ఈనును. ఆ దినము లెక్క వ్రాసికొన్నవాడు ఈతనాటికి కొట్టమున కావలియుండి, తల్లి క్రింద పడి పిల్లలు నలగకుండ గోడ వెంట కమ్మి కట్టుకొనును. పందికి చెమట పట్టదు. వేసవిలో నీరు చల్లనిదే ఎండదెబ్బకు పోవును. హోటళ్ల ఎంగిలి తిండిని అరగంటసేపు తెర్లకాచినగాని పెట్టరాదు. ఈ కడపటి మాటను తెలియకపోవుటవలన కొట్టమంతయు ఒక్క వారములో ఖాళీ కావచ్చును.

ఏలయన, ఆఫ్రికా పందిజ్వరము 2020లో అస్సాము, అరుణాచల ప్రదేశములలో మొదట బయటపడి, 2022 జూలై నాటికి మన నీలగిరుల నానుకొనియున్న వయనాడునకు వచ్చినది. అది మనుష్యులకు సోకదు. కాని పందికి సోకినచో చికిత్స లేదు. రోగము నిర్ధారణయైన చోటికి ఒక కిలోమీటరు లోపల నున్న పందులనన్నిటిని వధింతురు. పరిహారము ఏర్పాటు చేయబడినది అట్లు వధింపబడిన పందులకు. కావున మొదటి పంది పడిననాడే పశువైద్యునికి కబురు పెట్టినవానికి కొంతయైనను దక్కును. భయముచేత కళేబరమును రాత్రివేళ వాగులో పారవేసినవాడు తానును చెడి, పొరుగు కొట్టములను గూడ చెరచును. ఈ తెలివిడిని ఏ భాషలో చెప్పిన వారు విశ్వసింతురు? భయపడినపుడు మనుష్యుడు ఏ భాషలో ఆలోచించునో ఆ భాషలోనే చెప్పవలెను.

“వారికి తమిళము వచ్చును గదా” యని కొందరు పెద్దలు నాతో ననిరి. వచ్చును, సంతలో బేరమాడుటకు, బస్సులో టిక్కెట్టు కొనుటకు చాలినంత వచ్చును. తరగతి గదిలోని తమిళము వేరు. ఆ మాటకు వచ్చిన, మన గ్రాంథిక తెలుగున పుస్తకము అచ్చువేసి పంచినను వారికి ప్రయోజనము లేదు. పెద్దలకు ఏ లిపియు రాదు. పిల్లలు బడిలో తమిళమే చదువుచున్నారు. నేను కోరునది పుస్తకము కాదు. కొట్టము వద్ద నిలిచి, పందిపిల్లను చేతబట్టి, వారి తెలుగున చెప్పు మనుష్యుడు. తమిళమున నేర్పుట తప్పనియు నేననను. తమిళ సోదరులకు అది హక్కు. మనవారికి ఇది హక్కు.

మరికొందరు అభ్యుదయవాదులు, “ఈ వృత్తినే నేర్పి వారిని అందులోనే బంధింతురా? వారి పిల్లలు డాక్టర్లు కారాదా?” అందురు. కావలెను, తప్పక కావలెను. కాని తండ్రి కొట్టము ఖాళీయైన ఇంటినుండి పిల్లవాడు ముందుగా పోవునది కాలేజీకి కాదు, కూలికి. అంతియే కాదు. 2021లో సవరింపబడిన జాతీయ పశుసంవర్ధన పథకమున 50 ఆడపందులు, 5 మగపందులు గల కేంద్రమునకు 15 లక్షల వరకు, 100 ఆడపందులు, 10 మగపందులు గలదానికి 30 లక్షల వరకు, మూలధనములో సగము రాయితీ ఏర్పరచినారు. బ్యాంకు అప్పు, భూమి, శిక్షణయో అనుభవమో కలదను రుజువు కావలెను. శిక్షణపత్రము, భూమి, బ్యాంకులో పరపతి గలవారెవరు? మనమే! పంది నీచమైన దనినన్నినాళ్లు ఆ నీచత్వమును మోసినవారు వారు. పందివలన లక్షలు వచ్చునన్ననాడు ఆ లక్షలు మనవి కావలెనా? తరతరముల అనుభవమునకు కాగితము లేదు. మూడు దినముల శిబిరమునకు కాగితము కలదు. ఇది న్యాయమా?

పంది పేరెత్తినంతనే ముక్కు మూసికొను మహాశయులకు ఒక్క మనవి. విజయనగర రాజముద్రపై నున్నది వరాహము. తిరుమలకు పోయినపుడు మనము మొదట దర్శింపవలసినది వరాహస్వామిని. ఆ కొండ క్రిందనే, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయమున, పందులపై అఖిల భారత పరిశోధనా పథకపు కేంద్రమొకటి కలదు. తమిళనాట కాట్టుపాక్కమున గూడ అట్టి కేంద్రము కలదు. ఒకచోట తెలుగు తెలిసిన శాస్త్రజ్ఞులు, ఒకచోట ఈ రాష్ట్రపు పథకములు తెలిసిన శాస్త్రజ్ఞులు. ఈ ఇరువురిని కలిపి మన ఊరికి రప్పించుట మన సంఘమునకు అసాధ్యమైన పనియా?

కావున నేను కోరునవి ఇవి. మన సంఘము ఈ నెలలోనే పందులను పెంచు తెలుగు కుటుంబముల పట్టిక తయారు చేయవలెను. తిరుపతినుండి ఒక ఉపాధ్యాయుని వేడికొని రప్పింపవలెను. రాకపోకల వ్యయము ఉగాది సభ ఖర్చులో సగము కూడ కాదు. పాఠము కొట్టము వద్దనే, ఉదయపు మేతకును సాయంకాలపు మేతకును నడుమ జరుగవలెను. అచట స్త్రీలను ముందు కూర్చుండబెట్టవలెను. ఈతలు చూచునది, పిల్లలను సాకునది వారే. పరీక్ష నోటితోను చేతితోను జరుగవలెను గాని కాగితముపై కాదు. 2015లో మొదలైన కేంద్ర నైపుణ్య పథకమున పూర్వానుభవమునకు గుర్తింపునిచ్చు పద్ధతి కలదు. దానిని వీరికి వర్తింపజేయుమని అడుగవలెను. భాషాల్పసంఖ్యాకులు నూటికి 15 మంది గల చోట ముఖ్యప్రకటనలు వారి భాషలో వెలువడవలెనని 1956 నుండి సాగుచున్న రక్షణల ఏర్పాట్లు చెప్పుచున్నవి. పందులను పట్టుకొనిపోవు ప్రకటనకంటె ఆ ఇండ్లకు ముఖ్యమైన ప్రకటన ఏది? అదియు తెలుగున రావలెను. వచ్చువరకు మనమే పోయి చదివి వినిపింపవలెను.

మాతృభాష కావలెనని మనము ప్రభుత్వమును అడుగునపుడు, అది మన పిల్లల మార్కుల కొరకు మాత్రమేనా, లేక తెలుగు తప్ప వేరు దిక్కులేనివాని కూటి కొరకును కూడనా? ఆ పెద్దావిడ ప్రశ్నకు రెండు నిమిషములలో జవాబు దొరకినది. మన ప్రశ్నకు జవాబు రాబోవు సర్వసభ్య సమావేశమున మనమే చెప్పవలెను. ఆనాడు ఆ ఇండ్లవారికి గూడ ఆహ్వానము పోవలెను. మన నడుమ కుర్చీలు వేయవలెను. అది జరుగనినాడు, మన తీర్మానములలో “తెలుగువారు” అను మాటకు బదులు “మేము కొందరము” అని వ్రాసికొనుట సత్యము.