దూషణపదము – తరగతిగది

అమెరికను రచయిత మార్క్ ట్వెయిన్ నవల ‘హకల్‌బెరీ ఫిన్’ను 1957లో న్యూయార్కు నగర విద్యాధికారులు చిన్నతరగతుల పాఠ్యగ్రంథముల పట్టికనుండి తొలగించిరి. 2011లో ఒక ప్రచురణసంస్థ, అందు నల్లజాతివారిని దూషించు పదమును ‘బానిస’ అని మార్చి ముద్రించెను. బానిసత్వకాలపు సంఘము అట్లే మాటలాడెను. మాటను చెరిపినంతమాత్రమున చరిత్ర చెరగదు. అట్లని, ఆ పదము బిగ్గరగా చదువునపుడు తరగతిలోని నల్లజాతి బాలుడు తలవంచుకొనుటయు స్వల్పవిషయము కాదు. ఆ భారమును పసివానికొక్కనికే వదలరాదు.

కావున నవలను తొలగింపవలదు. ఒంటరిగా బోధింపను వలదు. బానిసగా జన్మించిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రకటించిన స్వీయచరిత్రను దాని సరసన ఉంచవలెను. జిమ్ అను బానిస కథను తెల్లబాలుని నోట వినిన విద్యార్థులు, బానిసత్వమును అనుభవించినవాని మాటయు వినవలెను. ఆ పదమునకు సిగ్గుపడవలసినవారెవరో తరగతికి అప్పుడు తెలియును.