చెరిపేస్తే బాగవుతుందా?

ఏటేటా సంచికలో కథలూ కవితలూ చదువుకొంటున్నాం. ఈసారి కంప్యూటరు ల్యాబులో జరిగిన ఒక తప్పు గురించి చదవమని కోరుతున్నాను. తప్పు నాదే.

ల్యాబులో మూడు పాత కంప్యూటర్ల డిస్కులను ‘సెఫ్’ అనే సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఒకే గోదాములా అమర్చాం. నాలుగో దాని మీద వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లం. అంటే ఒక కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేర్ కల్పించే మరో కంప్యూటరన్నమాట. కొత్త సంగతేమీ కాదు, ఐబీఎం వాళ్లు 1972లోనే వీఎం/370 పేరుతో ప్రకటించారు. కానీ ల్యాప్‌టాప్ కొనలేని మాబోటి వాళ్లకు అదే సొంత కంప్యూటరు. పలాస వైపు నుంచి వచ్చిన మా క్లాసు అమ్మాయి ఒకామె తన ప్రాజెక్టు మొత్తం అందులోనే పెట్టుకొంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు జీడితోట కూలిపోయిన ఇల్లు వాళ్లది.

వానకి పైకప్పు కారుతోందని నాలుగో కంప్యూటరును కిటికీ దగ్గర్నుంచి ఇవతలి గోడకి జరిపాం. తీగ చాల్లేదు. మధ్యలో మూలనున్న పాత స్విచ్చి ఒకటి తగిలించాం. మర్నాటి నుంచి పాత వర్చువల్ మెషీన్లు తెరుచుకోలేదు. కొత్తది ఎక్కించబోతే భాష అడిగింది, కీబోర్డు అడిగింది, డిస్కును ఫార్మాట్ చేసేచోట 33 శాతం దగ్గర కూలబడింది.

ఇన్‌స్టాలేషన్ ఫైలు చెడిందన్నాం, మళ్లీ దించాం. మెమరీ మార్చాం. ఏదీ రాసుకోలేదు, ఒకేసారి మూడేసి మార్పులు చేశాం. సెఫ్ తెర మీద మాత్రం ‘హెల్త్ ఓకే’ అని కనిపిస్తూనే ఉంది. దాన్ని నమ్మలేదు. మూడో రోజు సాయంత్రం “గోదామే పాడైంది, మొత్తం చెరిపేసి మొదట్నుంచీ కడదాం” అన్నది నేను. చెరిపింది కూడా నేనే.

మూడు ప్రతులుంటాయి కదా అంటారేమో. ఒక డిస్కు చస్తే మిగతావి కాస్తాయి. మనమే చెరిపితే మూడూ ఒక్కసారే పోతాయి. వేరేచోట నకలు దాచలేదు.

చెరిపాక కూడా 33 దగ్గరే ఆగింది.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి మా అయ్యతో చెప్పుకొన్నాను. మాది వంశధార కాలువ చివరి భూమి. గొట్టా దగ్గర వదిలిన నీరు మా పొలం చేరేసరికి ఉభాల రోజులు దాటిపోతుంటాయి. అయ్యకు కంప్యూటరు తెలీదు. “మడిలో నీరు నేదని మడిలోనే తవ్వుతావేటిరా? కాలవెంట ఎనక్కెల్లి సూడు, ఏ తూము కాడ ఆగిందో” అన్నాడు.

మర్నాడు తీగ వెంట వెనక్కి వెళ్లాం. మామూలు చిన్న పింగ్ పంపితే జవాబొచ్చింది. ముక్కలు చేయవద్దనే షరతుతో 8,972 బైట్ల పింగ్ పంపితే జవాబు లేదు. వేగం కోసం నాలుగు కంప్యూటర్లలోనూ ప్యాకెట్ పరిమాణం 9,000 బైట్లని పెట్టుకొన్నాం. గోదాము మూడూ ఉన్న స్విచ్చి దానికి ఒప్పుకొంది. మధ్యలో తగిలించిన పాతది 1,500కు మించి పోనివ్వలేదు. పలకరింపులన్నీ చిన్నవి కనుక దాటిపోయాయి, అసలు సరుకు ఆగిపోయింది. నాలుగింటిలోనూ 1,500 అని మార్చగానే పావుగంటలో ఇన్‌స్టాలేషన్ పూర్తయింది. ఆమె ప్రాజెక్టు నేను చెరిపేదాకా మూడుచోట్లా క్షేమంగానే ఉందన్నమాట.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. గోదాము గడియారాలు 0.05 సెకను కంటే ఎక్కువ తేడా పడితే సెఫ్ హెచ్చరిస్తుంది. మూడు ప్రతుల్లో రెండు అందకపోతే మామూలు అమరికలో రాయడమే ఆపేస్తుంది. అది రోగం కాదు, జాగ్రత్త. ఒక్క ప్రతి ఉన్నా రాసెయ్యమని అమరిక మార్చమనే సలహాదారులు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు, వినకండి.

ఇప్పుడు అధ్యాపకులకు ఒక మనవి. మా ల్యాబు రికార్డులో లక్ష్యం, విధానం, ఫలితం అని మూడు గదులుంటాయి. ఫలితం గదిలో ఎప్పుడూ విజయమే రాస్తాం. పనిచేయని రోజుకు చోటు లేదు, మార్కులూ లేవు. అందుకే ఆగిపోయిన చోటు చూడ్డానికి భయపడి చెరిపేస్తాం. సిలబస్‌కే టైము చాలదని మాస్టార్లు అంటారు, నిజమే కావచ్చు. కాని మూడు రోజులు చెరుపుకొంటూ గడిపిన టైము ఏ సిలబస్‌లోది? సెఫ్ కూడా సేజ్ వైల్ అనే అమెరికా విద్యార్థి తన పీహెచ్‌డీ కోసం చేసిన పనే. ఆయన ప్రయోగాలన్నీ మొదటిసారే ఫలించాయంటే నేను నమ్మను. ఏది మార్చాం, ఏం జరిగింది అని రాసిన పేజీకి అయిదు మార్కులివ్వండి చాలు.

ఆమె నన్ను తిట్టలేదు. మొదట్నుంచీ మళ్లీ రాస్తోంది. సాయంత్రాలు టైపు చేసిపెడుతున్నాను. ల్యాబు తలుపు పక్కన పురికొసతో ఒక నోటుబుక్కు వేలాడదీశాం. మొదటి పేజీలో తేదీ, పాత స్విచ్చి, 1,500, చెరిపినవాడి పేరు ఉన్నాయి. చేతిరాత నాది.