రాళ్లు పఱచినంతనే అంగడి బ్రదుకునా?

చార్మినారు పడమటి ముఖమునుండి బయలుదేఱి మహబూబు చౌకు వైపునకు సాగు లాడ్ బజారులో సాయంకాలము అయిదు గంటలకు నిలిచి చూచినవారెవ్వరును ఈ వీధి కష్టములో నున్నదని నమ్మజాలరు. ఎటు చూచినను జనసమ్మర్దము. దీపకాంతిలో తళతళలాడు గాజుల గుత్తులు, పెండ్లి బేరములకు వచ్చిన కుటుంబములు, చేతి ఫోనులతో ఛాయాచిత్రములు తీసికొను యాత్రికులు. ఇంత సందడిగల వీధికి పునరుద్ధరణ మేల యని మా మిత్రులు కొందఱు మమ్ము ప్రశ్నించిరి. నేటి యీ వ్యాసము వారికి సమాధానము. సందడి వేఱు, వ్యాపారము వేఱు, వృత్తి వేఱు. మొదటిది కన్నుల కగపడును. రెండవది దుకాణదారుని ఖాతా పుస్తకమున దెలియును. మూడవదాని ప్రాణమెట్లున్నదో తెలియవలెనన్న దుకాణపు మెట్లు దిగి వెనుక సందులలోనికి పోవలెను. అట్లు పోయినవారు తక్కువ.

1591లో మహమ్మదు కులీ కుతుబుషా చార్మినారును నిలిపి క్రొత్త నగరమునకు నాలుగు దిక్కుల నాలుగు రాజమార్గములు తీర్చినపుడు, పడమటిది పురానాపూలు మీదుగా గోలకొండకు పోవు బాటయయ్యెను. లాడ్ బజారు ఆ బాట మొదట వెలసినది. లాడ్ అనగా లక్కయే యని కొందఱును, గారాబమని కొందఱును చెప్పుదురు. ఆ తగవు పండితులకు వదలుదము. కుతుబుషాహీలు పోయిరి, మొగలాయీలు వచ్చి పోయిరి, ఆసఫ్‌జాహీలును పోయిరి. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచెను. వీధి నిలిచినది. ఆ వఱద పిమ్మట 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము చార్మినారునకు ఉత్తరమున పత్తర్‌గట్టి యను రాతి కమానుల అంగళ్లను కట్టించినది. క్రింద దుకాణములు, మీద నివాసములు. వర్తకుడు కాపురముండు వీధికే రాత్రియు పగలును దిక్కుగలదని ఆ కట్టడము నేటికిని చెప్పుచున్నది.

మన కాలపు నగరపాలకులు చేసినదేమి? చార్మినారు చుట్టును వాహనములను ఆపివేసి గ్రానైటు రాళ్లు పఱచిరి. ఇరువది యేండ్లకు మించి యీడ్చిన పని యిది. 2021 అక్టోబరులో ఆదివారపు సాయంకాలములయందు పాటలతో, దీపాలంకారములతో ఉత్సవములు మొదలుపెట్టిరి. వీనిని మేము నిందింపము. నడువ వీలులేని వీధిలో బేరము సాగదు. కాని రాయి పఱచినవానికి కూలి గలదు, దీపము కట్టినవానికి కూలి గలదు, పాట పాడినవానికి బహుమానము గలదు. ఏ వస్తువును చూచుటకై జనులు అచ్చటికి వచ్చుచున్నారో దానిని చేయువాని పేరు ఆ లెక్కలలో ఏ పుటయందున్నది?

2025 మే 18వ తేదీ ఉదయమున గుల్జారు హౌజు చెంత, క్రింద దుకాణము మీద కాపురముగల ఒక యింట నిప్పు పుట్టి 17 మంది ప్రాణములు గోల్పోయిరి. వారిలో పసిబిడ్డలు గలరు. వెలుపలికి వచ్చుటకు ఇఱుకు దారి యొక్కటే. కాళ్లక్రింది రాళ్లకు దొరికిన ధనము గోడలలోని విద్యుత్తు తీగెలకును, ప్రక్క మెట్లకును ఏల దొరకలేదు? సింగారమునకు ముందు ప్రాణరక్షణము గదా!

లక్కగాజు ఎట్లు పుట్టునో చదువరులలో ఎందఱెఱుగుదురు? మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు స్రవించు జిగురే లక్క. ఝార్ఖండు, ఛత్తీసుగఢు అడవులలో దానిని కొమ్మలనుండి గీకి తెత్తురు. పాతనగరపు సందులలో, గాలి చొఱని గదులలో, నిప్పులమీద ఆ లక్కను కరగించి రంగు కలిపి, మెత్తని ముద్దను కడ్డీవలె సాగదీసి, వలయముగా చుట్టి, లోహపు కట్టుపై నిలుపుదురు. అసలు పని ఆ పిమ్మటిది. లక్క వేడిగానుండగనే రాళ్లను, పూసలను, అద్దపు తునకలను ఒక్కటొక్కటిగా పొదుగవలెను. చల్లారినచో రాయి పట్టదు; మిక్కిలి కాగినచో వలయము వంగిపోవును. ఆ వేడిని కొలుచు యంత్రము వ్రేలి కొనయే. ఈ విద్య తల్లినుండి కూతునకు, తండ్రినుండి కొడుకునకు వచ్చుచున్నది. దుకాణములో దీపము క్రింద మెఱయు గాజులలో పెక్కింటిని ఇండ్లలో కూర్చుండి పొదిగినవారు స్త్రీలే. వారిలో ఒక్కరును ఆదివారపు ఉత్సవవేదిక నెక్కినట్లు మేము చూడలేదు.

ఈ పనివారిలో పెక్కుమందికి దుకాణము లేదు. దుకాణదారునకు కుంపటి లేదు. నడుమ నున్నవాడు లక్కయు రాళ్లును అప్పుగా నిచ్చి, సిద్ధమైన గాజుల నెత్తుకొని పోయి, జతకింతయని కూలి కట్టును. అప్పుపడినవాడు వేఱొకనికి అమ్మజాలడు. అమ్మజాలనివాని అప్పు తీరదు. దుకాణదారుడును కుబేరుడు కాడు. పండుగ దినములలోను, పెండ్లి ముహూర్తములలోను వచ్చిన లాభముతో మిగిలిన నెలల అద్దె కట్టుకొనువాడు. ఆ లాభమును నిలుపుకొనుటకై ఫిరోజాబాదు గాజులను, ఎచ్చటివో యంత్రపు గాజులను లక్కగాజుల ప్రక్కనే పేర్చును. అతనిని తప్పుపట్టుట సులభము. అతని స్థానమున కూర్చుండి చూచినచో తెలియును.

ఇచ్చట మా పక్షమువారికే చేదైన మాట యొకటి చెప్పవలసియున్నది. 2015 జనవరిలో పోలీసులు పాతనగరపు గాజుల కార్ఖానాలను సోదాచేసి 200 మందికి పైగా బాలురను విడిపించిరి. వారిలో పెక్కుమంది బీహారునుండి తేబడినవారు. బడిలో నుండవలసిన చేతులు పొగలో రాళ్లు పొదుగుచుండెను. చిన్న వ్యాపారి యన్న పేరు పసివానిచేత చాకిరి చేయించుకొను హక్కు నీయదు. స్వదేశి వస్తువన్న ముద్ర ఆ పాపమును కడుగజాలదు. అట్టి కార్ఖానాను మూయించినవారిని మేము మెచ్చుకొందుము. కాని తాళము వేసి వెడలిపోవుటతో అధికారుల పని తీరినదా? పెద్దవానికి కడుపు నిండ కూలి గిట్టనిచోట పసివాని చేయి వెదకబడుచునే యుండును. పెట్టుబడి పనివాని చేతికి వచ్చి, ధర పనివాని నోట పలికిననాడు గాని ఆ వెదకులాట ఆగదు.

పెట్టుబడికి మార్గములు లేకపోలేదు. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము విశ్వకర్మ పథకమును ప్రారంభించి, తాకట్టు లేకుండ మొదట 1 లక్ష, పిదప 2 లక్షల రూపాయల ఋణమును నూటికి 5 రూపాయల వడ్డీకి ఇత్తుమని చాటినది. 18 వృత్తుల పట్టిక ప్రకటించిరి. అందులో వడ్రంగి గలడు, కమ్మరి గలడు, కుమ్మరి గలడు, బొమ్మలు చేయువాడు గలడు, పూలదండలు కట్టువాడు గలడు, చేపల వల అల్లువాడు గలడు. గాజులు చేయువాడు లేడు! పెండ్లికూతురి చేతికి గాజు తొడుగనిది ముహూర్తము నడువని దేశమున, హిందువుల యింటను ముసల్మానుల యింటను గాజుల సవ్వడి లేనిది శుభము లేని దేశమున, గాజులవాడు వృత్తికారుడుగా లెక్కకు రాలేదు. తెలంగాణ శాసనసభ్యులును, పార్లమెంటు సభ్యులును ఈ లోపమును ఎన్నిమార్లు ఎత్తిచూపిరో ఓటర్లు అడిగి తెలిసికొనవలెను.

ఇక 2006 నాటి చిన్నపరిశ్రమల చట్టము. సరకు తీసికొన్నవాడు 45 దినములకు మించకుండ సొమ్ము చెల్లింపవలెననియు, మించినచో బ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీ యీయవలెననియు అది శాసించుచున్నది. పేరు నమోదైన పనివానికే యీ రక్షణ. కుంపటియొద్ద కూర్చున్నవానికి నమోదనగానేమో చెప్పుటకు ఆ సందులోనికి పోయిన అధికారి యెవరు?

రోడ్డుప్రక్క తోపుడుబండ్లవారి సంగతి మఱింత విచిత్రము. వీధి అందము చెడుచున్నదని వారిని తఱుముట ఏ నగరమున చూచినను పాలకులకు మొదటి సంస్కరణము. రాయి పఱచిన మఱునాడే లాఠీ వచ్చును. లాఠీ వెనుక మామూలు వచ్చును. 2014లో పార్లమెంటు వీధి వర్తకుల చట్టము చేసినది. గణన ముగియువఱకు ఎవ్వరిని లేపరాదన్నది. పట్టణ వర్తక సంఘమున నూటికి 40 మందికి తక్కువగాకుండ వీధివర్తకుల ప్రతినిధులే యుండవలెనన్నది. వారిలో మూడవవంతు స్త్రీలన్నది. ఆ చట్టపు అనుబంధమున ఇంకొక వాక్యము గలదు. ఏబది యేండ్లకు మించి వీధివర్తకము సాగిన సహజమైన అంగళ్లను వారసత్వపు అంగళ్లుగా ప్రకటింపవలెననియు, అచ్చటి వర్తకులను వేఱొకచోటికి తరలింపరాదనియు దాని భావము. చార్మినారు చెంత బండిపై అత్తరు, గాజులు, పండ్లు అమ్ముచు మూడు తరములు గడపిన కుటుంబములకన్న ఈ వాక్యమునకు తగినవారు దేశమున మఱెక్కడ గలరు? ఆ వాక్యమును తెలుగులోను ఉర్దూలోను పలకపై చెక్కించి చార్మినారు ఎదుట నిలుపవలెను. గ్రానైటు కొఱవడలేదు గదా!

అద్దెల మాట పాలకులు తలపెట్టరు. వీధి బాగుపడిన కొలది అద్దె పెరుగును. 2024 మార్చి 8న పాతనగరపు మెట్రో రైలుకు శంకుస్థాపన జరిగినది. రైలు వచ్చిననాడు బేరగాండ్రు వత్తురు. వారికంటె ముందుగా భూముల ధరలు లెక్కించువారు వత్తురు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము తమకు అండగా నున్నదని కొందఱు అమాయకులు తలంచుచున్నారు. 2005లో చేసిన సవరణముచే నగరములలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు ఆ రక్షణ తప్పినది. 3,500 రూపాయలకు నేడు చార్మినారు చెంత దుకాణము కాదు, దుకాణపు గడప దొరకునా? వీధిని నిలిపిన దుకాణదారుడే వీధి బాగుపడినదను నెపమున వెడలగొట్టబడి, అతని స్థానమున దూరపు పెద్ద కంపెనీ శాఖ వెలసినచో, ఆ వింతను పునరుద్ధరణమని పిలుతుమా? ప్రజాధనముతో బాగుచేసిన వీధిలో పాత అద్దెదారుని కనీసము పదేండ్లు కదల్పరాదనియు, అద్దె పెంపునకు హద్దుండవలెననియు శాసనము తేవలెను. ఇంటియజమానులు మాపై కోపింతురు. కోపింపనిండు.

నగరపాలకులకు బుద్ధి లేదని మేమనుట లేదు. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టును మరమ్మతుచేసి 2020 ఆగస్టులో తిరిగి తెఱచినపుడు ఆ రాతి కమానులకు వెనుకటి కళ వచ్చినది. రాతికి చేయగలిగినవారు మనిషికి చేయలేరా యన్నదే మా ప్రశ్న.

2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక సూచిక లభించినపుడు పత్రికలన్నియు పండుగ చేసికొనెను. మేమును సంతోషించితిమి. కాని ఆ పేరు వాడుకొనుటకు ప్రతి పనివాడును అధీకృత వినియోగదారుడుగా వేఱుగ నమోదు కావలెను. నమోదు కానివాడు ఆ విద్యలో ఎంతటి నేర్పరియైనను చట్టము దృష్టిలో పరాయివాడే. ఈ దరఖాస్తు రుసుమును 2020లో 500 రూపాయలనుండి 10 రూపాయలకు తగ్గించిరి. అడ్డు రుసుము కాదు. పత్రము వ్రాయువాడు లేకపోవుటయే.

చదువరులారా, మీతోడను ఒక తగవు గలదు. అద్దాల మేడలో అచ్చుపడిన ధరకు మాఱుమాట లేక సొమ్ము చెల్లించి, గాజుల దుకాణము మెట్టెక్కగనే జత ధరను సగమునకు విఱుగగొట్టుట యే ఆర్థికశాస్త్రము? మీరు తెగగోసిన ఆ పదిరూపాయలు దుకాణదారుని లాభమునుండి పోవు. కుంపటియొద్ద నున్నవాని కూలినుండి పోవును. 1907లో బిపినచంద్రపాలుడు రాజమహేంద్రవరమునను బందరునను ఉపన్యసించినపుడు మన తాతలు సీమగుడ్డను విడువ నేర్చిరి. కొనుట దేశసేవయని వారికి తోచినది. మన యూరి పెద్దవీధిలో సైతము ఇట్టి దుకాణములు గలవు, మూతపడినవియు గలవు. మూతపడినవానిలో మనము చివఱగా ఎన్నడు కొంటిమో జ్ఞప్తికి తెచ్చుకొందము.

ప్రభుత్వమును మేము మహాప్రాసాదములు కోరుట లేదు. లాడ్ బజారు చెంత ఒక్క గది యీయుడు. అందు వారమున కొకదినము బ్యాంకు గుమాస్తాయు, పరిశ్రమల శాఖ గుమాస్తాయు, భౌగోళిక సూచిక పత్రములు వ్రాయువాడును, ఉర్దూ తెలుగు రెండును వచ్చినవారు, సాయంకాలము దీపములు పెట్టువఱకు కూర్చుండవలెను. విశ్వకర్మ పట్టికలో గాజులవాని పేరు చేర్పుమని శాసనసభ తీర్మానించి ఢిల్లీకి పంపవలెను. గది తెఱచిన మొదటి దినమున దరఖాస్తు పెట్టుకొనవచ్చు మొదటి నూర్గురు పనివారి తరఫున తలకు 10 రూపాయల రుసుమును చెల్లించుటకు మా పత్రికా కార్యాలయము సిద్ధముగా నున్నది. గది తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో అధికారులు తెలియజేయుదురుగాక.